‘అట’ లేని మూడు నిమిషాలు

బస్సు డిపోలో ఆమెను అందరూ రేడియో అనేవారు. ఆమె పని సీట్లు కుట్టడం. చిరిగిన రెక్సిను విప్పి, లోపలి స్పాంజి మార్చి, కొత్త తొడుగు కుట్టి బిగించాలి. చేతులు అటు పని చేస్తుంటే నోరు ఇటు పని చేసేది. టైర్లు మార్చేవాడి తమ్ముడికి సంబంధం కుదిరిందట. క్యాషియరు గారి మేడ మీద పావురం గుడ్లు పెట్టిందట. వచ్చే నెల నుంచి యూనిఫాం రంగు మారుతుందట. ప్రతి వాక్యం చివరా ఒక ‘అట’. అందులో సగం నిజమయ్యేవి. మిగతా సగం కూడా ఎప్పటికైనా నిజమవుతాయని ఆమె నమ్మకం. చెడ్డ మనిషి కాదు, ఎవరి కొంపా ముంచే మాట ఇంతవరకూ మోయలేదు. తెలుసుకోకపోతే తోచదు, తెలిశాక చెప్పకపోతే ఊపిరాడదు, అంతే.

కొత్త మేనేజరు గారు వచ్చాక ఆమెకు గడ్డుకాలం మొదలైంది. ఆయనకు ‘అట’ అంటే ఒళ్ళు మంట. ఏ బస్సు ఎందుకు ఆగిందని అడిగినా ఈ డిపోలో ‘అట’తోనే జవాబు వస్తోందని వచ్చిన వారంలోనే కనిపెట్టి, రెండో వారంలో ఒక పద్ధతి పెట్టారు. సోమవారం, శుక్రవారం పొద్దున మొదటి షిఫ్టు బళ్ళు కదిలాక, మిగిలినవాళ్ళంతా షెడ్డులో నిలబడాలి. ఒకరు ముందుకొచ్చి, పేపర్లో పడిన ఏదైనా ఒక వార్త మీద మూడు నిమిషాలు మాట్లాడాలి.

“ఆ మూడు నిమిషాల్లో ‘అట’ వినపడకూడదు” అన్నారాయన. “చూసింది చెప్పండి, ముట్టుకున్నది చెప్పండి, కొలిచింది చెప్పండి. ఎవరో ఏదో అన్నారన్నది నాకక్కర్లేదు.”

మనవాళ్ళు తక్కువవాళ్ళా? అందరూ వాతావరణం మీద పడ్డారు. ఆ సోమవారం ఎలక్ట్రీషియను వంతు. “నిన్న వాన పడిందని పేపర్లో వేశారు. నిజమే. నేను తడిశాను” అని చెప్పి, మిగిలిన రెండున్నర నిమిషాలూ గుడ్లప్పగించి నిలబడ్డాడు. మేనేజరు గారు గడియారం చూస్తూ పూర్తయ్యేదాకా కూర్చున్నారు. ఆపైన, “శుక్రవారం సీట్లు కుట్టే ఆవిడ” అన్నారు.

షెడ్డంతా గొల్లుమంది. ‘అట’ లేకుండా రేడియో మాట్లాడటమా! ఆమె కూడా నవ్వింది కానీ, గుండెల్లో రాయి పడింది.

మధ్యాహ్నం అన్నం గిన్నె పక్కన పెట్టుకుని పాత పేపర్లన్నీ తిరగేసింది. శనివారం పేపరు ఆరో పేజీలో, చెప్పుల ప్రకటన కింద, అయిదు లైన్ల ముక్క కంటపడింది. ‘ప్రయాణికుల్ని వదిలేసి డ్రైవరు మాయం.’ గురువారం పద్నాలుగో నంబరు బస్సు డ్రైవరు రెండో వంతెన స్టాపులో బండి ఆపి, దిగి, ఎటో వెళ్ళిపోయాడు. పదకొండు నిమిషాల తర్వాత తిరిగొచ్చి మళ్ళీ నడిపాడు. ప్రయాణికుల ఆగ్రహం. కారణం చెప్పడానికి నిరాకరణ. సస్పెన్షన్. విచారణ ఈ శుక్రవారం పది గంటలకు. తిరిగొచ్చినవాణ్ణి ‘మాయం’ అనడం పేపరువాళ్ళకే చెల్లింది.

ఆ డ్రైవరు వాళ్ళ డిపో మనిషే. మౌనంగారని పేరు పెట్టారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క యాక్సిడెంటు లేదు, ఒక్క గొడవ లేదు, పట్టుమని పది వాక్యాలు మాట్లాడినట్టూ ఎవరికీ గుర్తు లేదు. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతాడు. ఇప్పుడు రోజూ వచ్చి సంతకం పెట్టి, సాయంత్రం దాకా షెడ్డు పక్క బెంచీ మీద కూర్చుంటున్నాడు. శుక్రవారం కూడా నోరు విప్పకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా కారణం అడిగితే బూట్ల వంక చూస్తాడు.

డిపోలో కారణాలకేం కొదవ లేదు. టీ తాగడానికి వెళ్ళాడట. ఎవరితోనో ఫోన్లో గొడవట. మతిమరుపు మొదలైందట. అబ్బే, సీసా వ్యవహారమట. ఇన్ని ‘అట’ల మధ్య రేడియోకి తనదంటూ ఒక్కటీ దొరకలేదు. దొరక్కపోగా, ఆ పదకొండు నిమిషాలు పంటి సందున ఇరుక్కున్న పీచులా సలపడం మొదలెట్టాయి. ఎనిమిదింటి బస్సు ఎనిమిదికే తీసే మనిషి, జనాన్ని కూర్చోబెట్టి పదకొండు నిమిషాలు ఎక్కడికి పోతాడు? పోయినవాడు మళ్ళీ ఎందుకు వస్తాడు? రానే వచ్చినవాడు ఎందుకు చెప్పడు?

ఏ వార్త చెప్పాలో తేలిపోయింది. చెప్పడానికి ‘అట’ లేని ముక్క ఒక్కటీ లేదు, అదొక్కటే ఇబ్బంది.

బుధవారం ఆమెకు సెలవు. పద్నాలుగో నంబరు ఎక్కి ఆ చివరి దాకా వెళ్ళి రావాలనుకుంది. అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

“నేనూ వస్తా.”

“ఎందుకత్తయ్యా, ఊరికే బస్సులో తిరగడానికేగా?”

“నువ్వు ఊరికే తిరిగితే సరదా, నేను తిరిగితే చాదస్తమా? ఇంట్లో కూర్చుని గోడల్ని లెక్కపెట్టీ పెట్టీ విసుగొచ్చింది. నాలుగే ఉన్నాయి, ఎన్నిసార్లు లెక్కపెట్టినా.”

డెబ్భై నాలుగేళ్ళ మనిషితో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఇద్దరూ ఎక్కారు. దారి పొడుగునా అత్తగారు కిటికీ లోంచి ప్రపంచాన్ని తప్పుపడుతూ కూర్చుంది. ఆ మేడకి ఆ రంగేమిటి, ఆ పిల్లకి ఆ నడకేమిటి. రేడియో మాత్రం డ్రైవరు వీపు చూస్తూ కూర్చుంది. ఈయన వేరే మనిషి, కుర్రాడు. సగం దారి నుంచీ సీటులో ఇటు జరిగి అటు జరిగి, కుదురుగా లేడు.

పోయిన ఏడాది దాకా పద్నాలుగు రెండో వంతెన దాటి రెండు స్టాపులు వెళ్ళి తిరిగొచ్చేది. ఇప్పుడు కొత్త కాలనీ దాకా పొడిగించారు. పోవడానికే గంటా పది నిమిషాలు పట్టింది. చివరి స్టాపులో అత్తగారు కోడలి చెయ్యి గిల్లింది.

“ఒకటికి పోవాలే.”

స్టాపు వెనక మరుగుదొడ్డి ఉంది. తలుపుకి తాళం, తాళం మీద తుప్పు, పైన ‘మరమ్మతు జరుగుతున్నది’ అని బోర్డు. మరమ్మతు చేస్తున్న మనిషి గాని, చేసిన జాడ గాని లేదు. రేడియో తాళం పట్టుకుని లాగింది. అరచేతికి ఎర్రటి పొడి అంటుకుంది. చుట్టూ చూస్తే సగం కట్టిన ఇళ్ళు, ఎండ, ఇసుక గుట్టలు. నీడకి చెట్టు లేదు, చాటుకి గోడ లేదు.

“పర్లేదులే, ఆగుతా” అంది అత్తగారు. బస్సు మూడు నిమిషాల్లో తిరుగు ప్రయాణం కట్టింది.

ఆ తర్వాత అత్తగారు ఏ మేడనీ తప్పుపట్టలేదు. కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, ఎదురు సీటు కడ్డీ పట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంది. ముప్పావుగంటకి రెండో వంతెన స్టాపు వచ్చింది.

“ఇక నా వల్ల కాదే తల్లీ. దించు.”

దిగారు. రేడియోకి తల ప్రాణం తోకకొచ్చింది. కళ్ళజోళ్ళ కొట్టులో అడిగితే మాకే లేదన్నారు. బ్యాంకులో అడిగితే స్టాఫుకి మాత్రమే అన్నారు. చివరికి జిరాక్సు కొట్టు అమ్మాయి, “సందులోంచి వెళ్తే లైబ్రరీ ఉందాంటీ. వెనక వైపు నీలం తలుపు” అని చూపించింది. అత్తగారు ఆ సందు ఎలా దాటిందో దేవుడికెరుక.

బయటికొచ్చాక ఆవిడ ముఖం కడిగిన పళ్ళెంలా ఉంది. లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, చీర కొంగుతో మెడ తుడుచుకుంది.

“అవునే,” అంది, “మనం సరే, దిగేశాం. ఆ నడిపే అబ్బాయి ఎక్కడ దిగుతాడే?”

రేడియో సందు వైపు చూసింది. చేతి గడియారం చూసుకుంది.

“అత్తయ్యా, ఇక్కడే కూర్చోండి. కదలకండి. ఇప్పుడే వస్తా.”

“ఎక్కడికే? నన్నొదిలేసి ఎక్కడికి పోతున్నావే?”

రేడియో అప్పటికే సందులో ఉంది. స్టాపు దాకా నడిచింది. నాలుగున్నర నిమిషాలు. అనుమానం తీరక మళ్ళీ వెనక్కి నడిచింది, మళ్ళీ నాలుగున్నర. మూడోసారి అడుగులు కూడా లెక్కపెట్టింది. జిరాక్సు అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది. అత్తగారు మెట్ల మీంచి, “మా కోడలికేమైనా అయిందేమో చూడండి బాబూ” అని లైబ్రరీకి వచ్చేవాళ్ళని పలకరిస్తోంది.

గురువారం పొద్దున్నే రేడియో సీటు పని పక్కన పెట్టి బళ్ళ వెంట పడింది. పద్నాలుగో రూటుకి నాలుగు బస్సులు. నాలుగింటిలోనూ డ్రైవరు సీటు తడిమి చూసింది. ఆరు నెలల్లో వాటికి రెండేసిసార్లు కుట్లు వేసింది, చేతులకి గుర్తుంది. డ్రైవరు సీటు మామూలుగా వీపు దగ్గర అరుగుతుంది, కుదురుగా వెనక్కి వాలేవాడి సీటు అలాగే ఉంటుంది. ఈ నాలుగూ ముందంచున అరిగాయి. కుట్లు అక్కడే పిగిలాయి. రెక్సిను తక్కువ రకమని స్టోరు గుమాస్తాని ఎన్నిసార్లు ఆడిపోసుకుందో! ఆ పాపం ఊరికే మూటగట్టుకుంది.

మధ్యాహ్నం బెంచీ దగ్గరికి వెళ్ళింది. మౌనంగారు టిఫిను డబ్బా తెరవకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“అన్నయ్యా,” అంది మెల్లగా, “లైబ్రరీ వెనక నీలం తలుపు. గడియ పైనుంది, అందుకోవడం కష్టం.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బూట్ల వంక చూస్తూనే అడిగాడు.

“ఎవరు చెప్పారమ్మా?”

“ఎవరూ చెప్పలేదు. మా అత్తయ్యకి అవసరమొచ్చింది.”

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ మాట్లాడనన్ని మాటలు మాట్లాడాడు. కిడ్నీలో రాయి ఉందని డాక్టరు రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగమన్నాడు. డ్యూటీ రోజుల్లో తాగడు. ఆ గురువారం నొప్పికి తాళలేక సీసాడు నీళ్ళు తాగి బండెక్కాడు.

“అది చెబితే అయిపోతుందిగా! సార్ అర్థం చేసుకుంటారు.”

“ఎలా చెప్పనమ్మా? చెప్పింది కాగితం మీద రాస్తారు. రేపు పేపర్లో వేస్తారు. ఇంట్లో కోడలొచ్చి నెల కాలేదు. మాయమయ్యాడని వేశారు, అదే నయం. ఉద్యోగం పోతే పోనీ. నాకు మాటివ్వు, నేను చెప్పింది నువ్వు చెప్పకూడదు.”

చెప్పకపోతే ఊపిరాడని మనిషిని పట్టుకుని అడిగాడాయన.

“మీరు చెప్పింది ఒక్క ముక్క నా నోట రాదు” అంది. అనేసి, లేచొచ్చి, మిషను ముందు కూర్చుంది గానీ ఆ పూట ఒక్క కుట్టూ తిన్నగా పడలేదు. ఆయన నోరు విప్పడు, తను విప్పకూడదు, పొద్దున పది గంటలకి ఉద్యోగం పోతుంది. చూసింది, ముట్టుకున్నది, కొలిచింది. ఆ మూడు మాటలూ మనసులో తిప్పుకుంటూ ఉండగా, వాటిలో ఆయన చెప్పింది ఏదీ లేదని హఠాత్తుగా తట్టింది. చేతిలో కత్తెర కింద పెట్టేసింది.

శుక్రవారం షెడ్డు నిండిపోయింది. ‘అట’ లేని రేడియోని చూడటానికి సెలవులో ఉన్న ఇద్దరు కూడా వచ్చారు. ముందు కుర్చీలో మేనేజరు గారు, ఒళ్ళో విచారణ ఫైలు. పక్క బెంచీ మీద మౌనంగారు, ఇస్త్రీ చేసిన యూనిఫాంలో. రేడియో ముందుకొచ్చి నిలబడింది.

“శనివారం పేపర్లో, ఆరో పేజీలో, మన పద్నాలుగో నంబరు గురించి ఒక వార్త పడింది” అని మొదలుపెట్టింది.

షెడ్డులో గుసగుసలు లేచాయి. మౌనంగారు తలెత్తి ఆమె వంక చూశాడు. ఆమె చూపు మేనేజరు గారి వైపు తిప్పుకుని, మళ్ళీ అందుకుంది.

“బండి ఎందుకాగిందో పేపర్లో లేదు. అది నేను చెప్పను. బుధవారం నేనూ మా అత్తయ్యా ఆ బస్సెక్కాం. అది మాత్రం చెబుతా. ఇక్కణ్ణించి కొత్త కాలనీకి గంటా పది నిమిషాలు పట్టింది. అక్కడ బాత్రూంకి తాళం వేసుంది. నేను తాళం ముట్టుకున్నా. తుప్పు చేతికంటింది. బస్సు అక్కడ ఆగింది మూడు నిమిషాలు. తిరిగి రెండో వంతెనకి ముప్పావుగంట. అంటే అప్పటికి రెండు గంటలు. అక్కడ మా అత్తయ్య నా వల్ల కాదంది. దిగాం. కళ్ళజోళ్ళ కొట్టులో లేదన్నారు, బ్యాంకులో కుదరదన్నారు. లైబ్రరీ వెనక ఉంది. స్టాపు నుంచి అక్కడికి అయిదు వందల నలభై అడుగులు. నేను మూడుసార్లు నడిచా. నాలుగున్నర నిమిషాలు.”

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

“ఇంకొకటి. పద్నాలుగుకి నాలుగు బళ్ళున్నాయి. నాలుగింట్లోనూ డ్రైవరు సీటు ముందంచే అరిగింది. మిగతా రూట్లలో వీపు దగ్గర అరుగుతుంది. కుట్టేది నేనే కాబట్టి చెబుతున్నా. నాలుగు సీట్ల మీదా ఒకే మనిషి కూర్చోడు. వెళ్ళడానికి నాలుగున్నర, రావడానికి నాలుగున్నర. తొమ్మిది. పేపర్లో వేసింది పదకొండు. రెండు మిగిలాయి. నేను కొలిచింది అంతవరకే, సార్.”

మేనేజరు గారు గడియారం చూడటం మర్చిపోయారు. ఫైలు తెరిచి, ఏదో కాగితం వెతికి, దాని మీద వేలు పెట్టారు.

“రూటు పొడిగించినప్పుడు రాశారే! రెండు చివర్లా సౌకర్యం ఉందని. కొత్త కాలనీలో తెరిచే ఉందట కదా?”

అన్నాక ఆయనకే వినపడింది. షెడ్డంతటికీ వినపడింది. ఎవరూ నవ్వలేదు. ఆయన ఆ కాగితాన్ని మడిచి, జేబులో పెట్టుకున్నారు.

వెనక వరసలోంచి, బుధవారం ఆ బస్సు నడిపిన కుర్రాడు అన్నాడు, “ఆ రూటు పడిన రోజు నేను పొద్దున్నుంచీ నీళ్ళు ముట్టను సార్.”

“నేనూ అంతే” అంది అతని పక్కనున్న కండక్టరమ్మ. ఆపైన ఇంకొకరు, ఇంకొకరు. వాతావరణం తప్ప మరో మాట ఎరగని షెడ్డులో అందరికీ ఒకేసారి నోళ్ళొచ్చాయి. రేడియో మాత్రం పెదవులు బిగించుకుని నిలబడింది. మాటిచ్చింది మరి.

మేనేజరు గారు చెయ్యెత్తి అందర్నీ ఆపారు. ఫైల్లోంచి విచారణ ఫారం తీసి, కలం మూత విప్పి, కుర్చీ లాక్కుని బెంచీ దగ్గరికి జరిగారు.

“కారణం అన్న గడి ఖాళీగా ఉందండీ,” అన్నారు, ‘అండీ’ అని మొదటిసారి. “ఏం రాయమంటారో మీరే చెప్పండి. మీరు చెప్పిందే రాస్తాను. చెప్పకపోతే ఆవిడ కొలత రాస్తాను. తొమ్మిది నడకకి, రెండు అక్కడ.”

మౌనంగారు లేచి నిలబడ్డాడు. షెడ్డులో ఉన్న ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. నవ్వుతున్నవాళ్ళు ఎవరూ కనిపించలేదు.

“ఆ లెక్క తప్పు సార్” అన్నాడు.

మేనేజరు గారు కలం కాగితానికి ఆనించారు.

“వెళ్ళడానికి నాలుగున్నరే. లోపల ఎవరో ఉన్నారు, మూడు నిమిషాలు బయటే నిలబడ్డా. నాకు ఒక నిమిషం. వచ్చేటప్పుడు రెండున్నరే పట్టింది.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “పరిగెత్తాను సార్. బస్సులో జనం ఉన్నారు కదా.”